పాత కారులో పెట్రోల్ ముల్లు మళ్ళీ కదలాలంటే

ఇంజను మార్చిన అంబాసిడర్, ట్యాంకు మార్చిన పద్మిని, డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించిన జీపు. తిరుపతి, చిత్తూరు షెడ్లలో ఇలాంటి బండి ఏది చూసినా లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, పెట్రోల్ మీటరు ఒక్కటే పడుకుని ఉంటుంది. మీటరు పోయిందనుకుని దాన్ని పీకేసి ఇంకోటి బిగిస్తారు. చాలాసార్లు అదీ పడుకునే ఉంటుంది.

కారణం ఏమిటంటే మీటరు ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. డాష్‌బోర్డులో మీటరు, ట్యాంకులో ఫ్లోట్ యూనిట్ (పెట్రోలు మీద తేలే ఫ్లోటు, దానితో లేచి దిగుతూ ఓమ్‌లు మార్చే చేయి), మీటరుకు అందే వోల్టేజీ, ట్యాంకుకు ఉన్న ఎర్తు (బాడీ ద్వారా కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి), ఈ నాలుగూ ఒకదానికొకటి కుదిరితేనే ముల్లు నిజం చెబుతుంది. బండిని మార్చేటప్పుడు వీటిలో ఏదో ఒకటి మారిపోతుంది, మిగిలిన మూడూ పాతవే ఉంటాయి. ఏది మారిందో కొలిచి పట్టుకోవాలి. ఆ తర్వాతే కొనడమైనా, విప్పడమైనా.

కావలసినవి: డిజిటల్ మల్టీమీటరు, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, మొసలి క్లిప్పులున్న రెండు వైర్లు, 5 వాట్ల తెల్ల సిరామిక్ రెసిస్టర్లు 22, 68, 120, 220 ఓమ్‌లవి ఒక్కొక్కటి, ఇంకో 22 ఓమ్‌లది. రెసిస్టర్లు ఏ టీవీ రిపేరు కొట్టు పక్కన ఉండే ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతాయి. 220తో 22ను వరుసగా కలిపితే 242 ఓమ్‌లు వస్తుంది, అది ఖాళీ ట్యాంకుకు బదులుగా పనికొస్తుంది.

మీటరు ఏ రకం?

పాత మీటర్లు రెండు రకాలు. ఒకటి వేడితో నడిచేది. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ, దానిమీద సన్నటి తీగచుట్టు ఉంటాయి. తీగలో కరెంటు పారితే పట్టీ వేడెక్కి వంగుతుంది, దాంతో ముల్లు లేస్తుంది. కీ తిప్పగానే ఇది ఎగరదు, అర నిమిషం నుంచి నిమిషం దాకా నిదానంగా పాకుతూ పోతుంది. 1960ల మధ్య నుంచి బ్రిటిష్ డిజైను బండ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి 12 వోల్టులు నేరుగా ఇవ్వరు. మధ్యలో స్టెబిలైజర్ అనే చిన్న డబ్బీ ఉండి, సగటున 10 వోల్టులు అందిస్తుంది. టెంపరేచర్ మీటరు కూడా సాధారణంగా ఆ డబ్బీ మీదే నడుస్తుంది.

రెండోది అయస్కాంతంతో నడిచేది. లోపల రెండు కాయిల్స్ ముల్లును చెరోవైపు లాగుతుంటాయి. కీ తిప్పగానే ముల్లు టక్కున లేస్తుంది, గుంతలో పడితే ఊగుతుంది. వోల్టేజీ పెరిగినా తగ్గినా రెండు కాయిల్స్‌కూ ఒకేలా పెరుగుతుంది, తగ్గుతుంది కాబట్టి దీనికి స్టెబిలైజర్ అవసరం లేదు.

ఈ తేడా తెలియకుండా పరీక్ష మొదలుపెడితే అంతా తలకిందులవుతుంది. స్మిత్స్ అనే బ్రిటిష్ కంపెనీ వేడి మీటరుకు ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 240 ఓమ్‌లు, నిండినప్పుడు సుమారు 20 నుంచి 30 ఓమ్‌లు కావాలి. అంటే వైరు తెగితే ముల్లు ఖాళీ చూపిస్తుంది, వైరు బాడీకి తగిలితే ఫుల్ చూపిస్తుంది. అంతకు ముందు తరం స్మిత్స్ అయస్కాంత మీటరు సరిగ్గా దీనికి ఎదురు. ఖాళీకి దాదాపు సున్నా, ఫుల్‌కు 70 నుంచి 90 ఓమ్‌లు. దీనిలో వైరు తెగితే ఫుల్ చూపిస్తుంది. ఎర్తు తుప్పు పట్టి అదనంగా ఓ పాతిక ఓమ్‌లు చేరితే ట్యాంకు ఎండిపోయినా ముల్లు పావు దగ్గరే నిలబడుతుంది. దారిలో మనిషిని నిలువునా ముంచేది ఈ రకమే. కాబట్టి అయస్కాంత మీటరున్న బండిలో ఎర్తు పని ముందు చూసుకోవాలి.

ట్యాంకు తెరవకముందే చేసే పరీక్ష

తొంభై పాళ్ళు సంగతి ఇక్కడే తేలిపోతుంది, తొందరపడి ట్యాంకు విప్పొద్దు.

డిక్కీ కార్పెట్ ఎత్తి ఫ్లోట్ యూనిట్ దగ్గరి వైరు తీయండి. లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతి వైరింగులో అది నల్లగీత ఉన్న ఆకుపచ్చ వైరు. మీ బండి వైరింగును ఎవరో ఒకసారి మార్చి ఉంటే రంగును నమ్మొద్దు, మల్టీమీటరును కంటిన్యూటీలో (వైరు తెగలేదని చూసే చోట) పెట్టి మీటరు వెనక టెర్మినల్ దాకా చూసుకోండి. యూనిట్ మీద రెండు టెర్మినళ్ళు ఉంటే ఒకటి మీటరుది, ఇంకోటి రిజర్వ్ ల్యాంపుది.

ఆ వైరు కొసకు పొడవాటి క్లిప్పు వైరు తగిలించి, ట్యాంకుకు దూరంగా లాగి, రెసిస్టరు ద్వారా బాడీకి మంచి ఎర్తు ఇవ్వండి. కీ ఆన్ చేసి, వేడి మీటరైతే రెండు నిమిషాలు ఆగండి. 22 ఓమ్‌లకు ముల్లు ఫుల్ దగ్గర, 68కి దాదాపు మధ్యలో, 242కి ఖాళీ దగ్గర నిలిస్తే మీటరూ స్టెబిలైజరూ వైరూ మూడూ బాగున్నట్టే. తప్పు ట్యాంకు యూనిట్లోనో దాని ఎర్తులోనో ఉంది. ముల్లు అసలు కదలకపోతే ఇదే పరీక్షను మీటరు వెనక టెర్మినల్ దగ్గరే చేయండి. అక్కడ కదిలి డిక్కీ దగ్గర కదలకపోతే మధ్యలో వైరు తెగింది. పాత బండ్లలో అది వెనక సీటు కింద, లేదంటే డోరు పక్క ఫుట్‌బోర్డు పట్టీ కింద నలిగి ఉంటుంది.

అయస్కాంత మీటరుకు ఇవే రెసిస్టర్లు వాడొచ్చు, ముల్లు చూపేది మాత్రం తిరగేసి చదవాలి. నేరుగా ఎర్తు ఇస్తే ఖాళీ, 68కి ఫుల్ దగ్గరికి.

రెసిస్టరు లేకుండా వైరును బాడీకి తాకించి చూసే అలవాటు చాలామంది మెకానిక్కులకు ఉంది. వేడి మీటరైతే అలా మూడు నాలుగు సెకన్లకు మించి పెట్టకూడదు, లోపలి సన్నటి తీగచుట్టు కాలిపోతుంది. ఇంకో సంగతి, దీనికన్నా ముఖ్యం: ట్యాంకు యూనిట్ టెర్మినల్‌కు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఎప్పుడూ ఇవ్వకూడదు. మీటరు మధ్యలో లేకపోతే కరెంటును ఆపే దిక్కు ఉండదు. యూనిట్ తీగ ఎర్రగా కాలుతుంది, అదీ పెట్రోలు ఆవిరి మధ్యలో.

మీటరు బతికే ఉందా అనే అనుమానం ఉంటే వైర్లు తీసేసి రెండు టెర్మినళ్ళ మధ్య ఓమ్‌లు కొలవండి. వేడి మీటరు సాధారణంగా 50 నుంచి 80 మధ్య చూపిస్తుంది. ఏమీ చూపకపోతే తీగచుట్టు తెగింది. అలాంటి మీటరుకు అదే మోడల్ పాత మీటరు లోపలి భాగం తెచ్చి, మీ డయల్ ప్లేటు దానిమీద వేసుకోవడం మంచిది. చెన్నై పుదుప్పేటలో, బెంగళూరు జేసీ రోడ్డులో అడిగితే పాత మీటర్లు దొరుకుతాయి. కొనేముందు అక్కడే ఓమ్‌లు కొలవండి. డిజిటల్ మీటరు పెట్టేస్తే పోలా అనే వాళ్ళుంటారు. పోదు. ట్యాంకు యూనిట్‌తో కుదరని తంటా దానికీ అంతే ఉంటుంది, పైగా డాష్‌బోర్డు అందం పోతుంది.

స్టెబిలైజర్

రెండు మీటర్లూ, అంటే పెట్రోలూ టెంపరేచరూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయంటే వేరే చోట వెతకొద్దు. స్టెబిలైజర్‌కు ఎర్తు దాని డబ్బీ బిగించిన స్క్రూ ద్వారానే అందుతుంది. డాష్‌బోర్డుకు రంగు కొట్టించినప్పుడో, ప్యానెల్‌ను ప్లైవుడ్‌తో మార్చినప్పుడో ఆ ఎర్తు పోతుంది. ఎర్తు లేని స్టెబిలైజర్ టక్‌టక్ కొట్టుకోవడం మానేసి 12, 14 వోల్టులు అలాగే వదిలేస్తుంది. రంగు గీకి, డబ్బీ నుంచి బాడీకి విడిగా ఒక వైరు వేస్తే సరిపోతుంది. డబ్బీ మీద 'టాప్' అని ఉంటే ఆ వైపు పైకే ఉండాలి, పక్కకు తిప్పి బిగిస్తే సగటు తేడా వస్తుంది. రెండూ ఒకేసారి తక్కువ చూపిస్తున్నా, అసలు లేవకపోయినా డబ్బీలోకి వచ్చే 12 వోల్టుల వైరు, ఫ్యూజు చూడండి.

'బి' అని గుర్తున్నది బ్యాటరీ వైపు, 'ఐ' అన్నది మీటర్ల వైపు. 'ఐ' దగ్గర మల్టీమీటరు పెడితే అంకెలు స్థిరంగా నిలబడవు, లోపలి కాంటాక్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అందుకే అక్కడ టెస్ట్ ల్యాంపు పెట్టాలి. మినుకుమినుకుమంటే పనిచేస్తోంది, ఆగకుండా వెలుగుతుంటే అతుక్కుపోయింది, వెలగకపోతే తెగింది.

కొత్త డబ్బీ కోసం వెతికేకన్నా 7810 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ వేయడం తేలిక. పదో ఇరవయ్యో రూపాయల వస్తువు. రాత మన వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ కాలు ఇన్‌పుట్, మధ్య కాలు ఎర్తు, కుడి కాలు 10 వోల్టుల అవుట్‌పుట్. ఇన్‌పుట్‌కూ ఎర్తుకూ మధ్య 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్‌కూ ఎర్తుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కాళ్ళ మొదట్లోనే సోల్డర్ చేయాలి. ఇన్‌పుట్ వైరులో 1 యాంపు ఫ్యూజు, దాని తర్వాత ఒక 1ఎన్4007 డయోడు వేస్తే వైర్లు అటూ ఇటూ మారినా రెగ్యులేటర్ బతుకుతుంది. వెనక లోహపు రెక్క కూడా ఎర్తే కాబట్టి నెగెటివ్ ఎర్తు బండిలో (బ్యాటరీ నెగెటివ్ బాడీకి కలిపినది) దాన్ని నేరుగా బాడీకి బోల్టు చేయొచ్చు. మన ఎండల్లో డాష్‌బోర్డు వెనక వేడికి అది మంచిదే. పాత పాజిటివ్ ఎర్తు బండిని ఇంకా మార్చకుండా ఉంచితే మాత్రం 7810 అలా పనిచేయదు. వేడి మీటరుకు ధ్రువాల పట్టింపు లేదు, ఈ రెగ్యులేటర్‌కు ఉంది.

7810కి ఒక బలహీనత ఉంది. 10 వోల్టులు ఇవ్వాలంటే తనకు దాదాపు 12 అందాలి. డయోడు మరో 0.7 తినేస్తుంది. ఇంజను ఆపి కీ మాత్రం ఆన్ చేసినప్పుడు ముల్లు కాస్త తక్కువ చూపిస్తే అదే కారణం, ఇంజను నడుస్తుంటే సర్దుకుంటుంది. అది కూడా వద్దనుకుంటే ఎల్‌ఎం2940 రకంలో 10 వోల్టులది వాడండి, దాని అవుట్‌పుట్ దగ్గర 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి.

6 వోల్టుల బండిని 12కు మార్చి, పాత 6 వోల్టుల వేడి మీటరును ఉంచుకున్నవాళ్ళు వరుసలో ఒక రెసిస్టరు పెట్టి సరిపెడుతుంటారు. కరెంటు మారినప్పుడల్లా ఆ రెసిస్టరు దగ్గర పడే వోల్టులూ మారతాయి కాబట్టి ఒక చోట సరిపోతే ఇంకో చోట తప్పుతుంది. 7806 రెగ్యులేటర్ వేసి, దాన్ని తప్పకుండా అల్యూమినియం ప్లేటుకు బిగించండి. 14 నుంచి 6కు దించేటప్పుడు వేడి ఎక్కువ.

ఎర్తు

ట్యాంకుకు రంగు కొట్టి, రబ్బరు ప్యాడ్ల మీద కూర్చోబెట్టి, ప్లాస్టిక్ పైపు తగిలించాక దానికి ఎర్తు ఎక్కడి నుంచి వస్తుంది? పాత రోజుల్లో ఇనుప పెట్రోలు పైపు, బోల్టులే ఆ పని చేసేవి. రీస్టోరేషన్ చేసిన బండ్లలో మీటరు చావడానికి ఇదే మొదటి కారణం.

కొలవడం తేలిక. కీ ఆఫ్‌లో పెట్టి, యూనిట్ పై ప్లేటుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య ఓమ్‌లు చూడండి. 1 ఓమ్ లోపల ఉండాలి. తర్వాత కీ, హెడ్‌లైట్లు ఆన్ చేసి అదే రెండు చోట్ల వోల్టులు చూడండి. 0.1 వోల్టుకు మించితే ఎర్తు దారి బాగాలేదు. లైట్లు వేసినప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు ముల్లు కదిలే బండి కథ కూడా ఇదే. టెయిల్ ల్యాంపులూ ట్యాంకూ ఒకే తుప్పుపట్టిన బోల్టు మీద ఎర్తు పంచుకుంటున్నాయి.

యూనిట్ బిగించిన స్క్రూలలో ఒకదాని కింద రింగు లగ్గు పెట్టి, 1 చదరపు మిల్లీమీటరు నల్ల వైరు ఒకటి చాసిస్ దాకా విడిగా వేయండి. చాసిస్ దగ్గర రంగు పూర్తిగా గీకి, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజను మార్చిన బండిలో ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య ఉండే జడ వైరు తిరిగి వేశారా లేదా కూడా చూడండి.

ట్యాంకు యూనిట్

పరీక్షలన్నీ ఇటే చూపిస్తే అప్పుడు విప్పాలి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. పని ఆరుబయట, నీడలో పెట్టుకోండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, సర్వీసు గుంతలో కిందికి దిగి నిలుస్తుంది, అందుకని గుంత మీద ఈ పని వద్దు. నిండు ట్యాంకుకన్నా అడుగున కాస్త మిగిలిన ట్యాంకే ప్రమాదం, ఆవిరికి చోటెక్కువ. లాక్ రింగు ఉంటే ఇత్తడి ముక్క, కొయ్య సుత్తితో తట్టి తిప్పండి. ఉక్కు ఉలితో కొట్టొద్దు. విప్పే ముందు ప్లేటు ఏ దిక్కుకు ఉందో మార్కరుతో గీత గీసుకోండి.

బయటికి తీశాక మల్టీమీటరు పెట్టి ఫ్లోటు చేతిని కింది నుంచి పైకి నిదానంగా కదపండి. అంకె ఒకే వైపుకు సాఫీగా పోవాలి. మధ్యలో ఒకచోట ఓపెన్ అని చూపించి మళ్ళీ వస్తే అక్కడ తీగ తెగింది లేదా పాచి పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. ఎమరీ పేపరు పెడితే వెంట్రుకంత తీగ అరిగిపోతుంది. తగిలే నాలుక వదులైతే కొంచెం వంచి పట్టు పెంచొచ్చు. ఎక్కువ వంచితే అది తీగను కోసేస్తుంది.

ఫ్లోటు ఇత్తడిదైతే చెవి దగ్గర ఊపండి. లోపల చప్పుడు వస్తే పెట్రోలు దూరింది. వేడినీళ్ళలో ముంచితే బుడగలు వచ్చే చోటే చిల్లు. దాన్ని అలాగే సోల్డర్ చేయబోతే లోపలి ఆవిరి పేలుతుంది. ముందు ఇంకో చిన్న బెజ్జం వేసి, పెట్రోలంతా వంచేసి, వేడినీళ్ళతో చాలాసార్లు కడిగి, రెండు రోజులు ఆరబెట్టాలి. ఆ తర్వాత కరెంటు సోల్డరింగ్ ఐరన్‌తోనే మూయాలి, మంట వాడకూడదు. పది రూపాయలు మిగులుతాయని దీనికి దిగేకన్నా కొత్త ఫ్లోటు కొనడమే మేలు.

బెండు ఫ్లోట్లది ఇంకో గొడవ. వాటి మీద పాతవాళ్ళు లక్క పాలిష్ పూసేవాళ్ళు. వడ్రంగులు దాన్ని స్పిరిట్‌లోనే కరిగిస్తారని తెలుసు కదా, ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అదీ స్పిరిటే. పూత కరుగుతుంది, బెండు పీల్చుకుంటుంది, బరువెక్కి మునుగుతుంది. ట్యాంకు సగం ఉన్నా ముల్లు పావు చూపిస్తుంది. పెట్రోలుకు తట్టుకునే నల్లటి నురుగు ఫ్లోటు వేయండి. ప్యాకింగ్ కూడా బెండుది వద్దు, నైట్రైల్ రబ్బరుదో, దొరికితే వైటాన్ రబ్బరుదో వాడండి. బాత్‌రూముల్లో వాడే సిలికాన్ పెట్రోలులో ఉబ్బి, ఊడి, కార్బురేటర్ జెట్లలో చిక్కుతుంది.

యూనిట్‌కూ మీటరుకూ కుదరకపోతే

మార్పులు చేసిన బండిలో అసలు పని ఇక్కడుంది. ట్యాంకు వేరే బండిదైతే దాని యూనిట్ లెక్క వేరు. అమెరికన్ జీఎం బండ్లలో 1965 తర్వాత ఖాళీకి 0, ఫుల్‌కు 90. పాత ఫోర్డ్‌లో ఖాళీకి 73, ఫుల్‌కు 10 అటూఇటూ. యూరప్ వీడీఓ కంపెనీ యూనిట్లలో ఖాళీకి 10, ఫుల్‌కు 180. జనరేటర్లకూ పడవలకూ వాడే నిలువు గొట్టం యూనిట్లు ఖాళీకి 240, ఫుల్‌కు 33. పుస్తకంలో ఏముందో కాదు, చేతిలో ఉన్న యూనిట్‌ను కొలిచి రెండు కొసల ఓమ్‌లూ కాగితం మీద రాసుకోండి. మీటరుకు ఏం కావాలో పైన చెప్పిన రెసిస్టర్ల పరీక్ష చెబుతుంది.

రెండూ ఒకే దిశలో ఉండి, యూనిట్ అంకెలు మీటరుకు కావలసినదానికన్నా పెద్దవైతే పని సులువు. యూనిట్‌కు సమాంతరంగా ఒక రెసిస్టరు చాలు. ఉదాహరణకు యూనిట్ 240 నుంచి 20, మీటరుకు 110 నుంచి 15 కావాలి. 240ని 110తో హెచ్చించి, వాటి తేడా 130తో భాగిస్తే 203. 200 ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టరు మీటరు టెర్మినల్‌కూ ఎర్తుకూ మధ్య పెట్టండి. ఖాళీ దగ్గర 109, ఫుల్ దగ్గర 18 వస్తుంది. మధ్యలో ముల్లు కొంచెం తక్కువ చూపిస్తుంది, దానివల్ల నష్టం లేదు.

యూనిట్ అంకెలు చిన్నవైతే, ఉదాహరణకు 110 నుంచి 5, మీటరుకు 240 నుంచి 20 కావాలంటే రెసిస్టర్లతో పని జరగదు. వరుసలో 15 ఓమ్‌లు కలిపితే ఫుల్ కుదురుతుంది. ఖాళీ దగ్గర మాత్రం 125 దగ్గరే ఆగి, ముల్లు ఎప్పటికీ కిందికి దిగదు. దిశ తిరగబడినప్పుడూ ఇంతే, ఏ రెసిస్టరూ దిశను మార్చలేదు. అప్పుడు రెండు దారులు.

మొదటిది పాత బండి యూనిట్‌నే కొత్త ట్యాంకులో పెట్టడం. చేతి పొడవు మార్చాలి. ట్యాంకు లోతులో అడుగున 1 సెంటీమీటరు, పైన 2 సెంటీమీటర్లు వదిలి మిగిలిన లోతు తీసుకోండి. 20 సెంటీమీటర్ల ట్యాంకైతే 17. యూనిట్ చేయి ఎంత కోణం తిరుగుతుందో కోణమానినితో కొలవండి. 80 డిగ్రీలైతే చేతి పొడవు 17ను 1.29తో భాగించినంత, అంటే 13.2 సెంటీమీటర్లు. చేయి తిరిగే ఇరుసు లోతులో సగం దగ్గర ఉండాలి. బిగించే ముందు ట్యాంకు గోడకూ, లోపలి అడ్డరేకులకూ ఫ్లోటు తగలడం లేదని చూసుకోండి. డీజిల్ ఇంజను వేసిన జీపుల్లో రిటర్న్ పైపు ధార ఫ్లోటు మీద పడకుండా చూడాలి.

నిలువు గొట్టం యూనిట్ కొంటే లోతుకు సరిపడే పొడవు దొరుకుతుంది. ముల్లు మెట్లు మెట్లుగా కదులుతుంది, వేడి మీటరులో ఆ మెట్లు కనిపించవు. ఫుల్ దగ్గర 33 ఉంటుంది కాబట్టి ముల్లు గీతకు కాస్త ముందే ఆగుతుంది. దానికి సమాంతరంగా రెసిస్టరు పెట్టొద్దు. 66 ఓమ్‌లది పెడితే ఫుల్ కుదురుతుంది కానీ ఖాళీ 52కు పడిపోయి, ఎండిన ట్యాంకు సగం పైనే చూపిస్తుంది. స్మిత్స్ వేడి మీటర్ల వెనక రెండు చిన్న బెజ్జాలు, చాలాసార్లు బెండు బిరడాలతో మూసి ఉంటాయి. లోపల పళ్ళ పట్టీలు ఉంటాయి, ఒకటి ఖాళీ కొసకు, ఇంకోటి ఫుల్ కొసకు. సన్న స్క్రూడ్రైవరుతో ఒక పన్ను తిప్పి, మూడు నిమిషాలు ఆగి చూడాలి. ఒకటి తిప్పితే రెండోదీ కొంచెం కదులుతుంది, అందుకని అటూ ఇటూ రెండు మూడు విడతలు పడుతుంది.

రెండో దారి ఆర్డుయినో నానో, అంటే ప్రోగ్రాము రాసి వాడుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. వేడి మీటరుకు ఇది చక్కగా కుదురుతుంది, ఎందుకంటే ఆ మీటరుకు సగటు వేడి తప్ప ఇంకేమీ తెలియదు. వేగంగా ఆన్ ఆఫ్ అయ్యే పల్సులు ఇస్తే అదే సగటు తీసుకుంటుంది. బోర్డు 5 వోల్టుల నుంచి 220 ఓమ్‌ల అరవాటు రెసిస్టరు ద్వారా యూనిట్‌కు ఇచ్చి, రెండూ కలిసే చోటును 1 కిలో ఓమ్ ద్వారా ఎ0 పిన్నుకు తెచ్చి, అక్కడ ఎర్తుకు 0.1 మైక్రోఫారడ్ పెట్టండి. మీటరు ఒక టెర్మినల్‌కు 7810 నుంచి 10 వోల్టులు, రెండో టెర్మినల్ నుంచి 18 ఓమ్‌లు 2 వాట్ల రెసిస్టరు, అక్కడి నుంచి ఐఆర్‌ఎల్‌జడ్44ఎన్ మాస్‌ఫెట్ (కరెంటును స్విచ్చులా ఆపి వదిలే భాగం) డ్రెయిన్ కాలు, దాని సోర్సు కాలు ఎర్తుకు. గేటుకు పిన్ 9 నుంచి 220 ఓమ్‌లు, గేటు నుంచి ఎర్తుకు 10 కిలో ఓమ్‌లు. ఆ 18 ఓమ్‌లు దండగ అనుకోవద్దు. ప్రోగ్రాము మొండికేసినా, మాస్‌ఫెట్ షార్టయినా మీటరులో ఫుల్‌కు మించి కరెంటు పెద్దగా పారనివ్వదు.

60 ఓమ్‌ల మీటరుకు పిన్ 9 పల్సులకు మొదలుపెట్టే విలువలు (255 అంటే ఆగకుండా ఆన్): ఖాళీకి 255లో 17, సగానికి 95, ఫుల్‌కు 242. ముల్లు చూసి సరిచేసుకోండి. ఎ0 నుంచి 50 రీడింగులు తీసుకుని సగటు వేస్తే గుంతల్లో ముల్లు నిలకడగా ఉంటుంది. బోర్డుకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా కాకుండా, ఫ్యూజు తర్వాత ఎల్‌ఎం2596 లాంటి బక్ మాడ్యూల్ (వోల్టేజీ దించే చిన్న బోర్డు) ద్వారా 5 వోల్టులు చేసి ఇవ్వండి.

లీటర్లతో సరిచూడటం

ట్యాంకు పూర్తిగా వంచేసి, సమతలంగా ఉన్న చోట బండి పెట్టండి. షెడ్డు నేల సమతలమేనని నమ్మకుండా, మేస్త్రీల దగ్గరుండే నీళ్ళ ట్యూబుతో నాలుగు చక్రాల దగ్గరా చూడండి. 5 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ మూడు నిమిషాలు ఆగి, ముల్లు ఎక్కడుందో, యూనిట్ ఓమ్‌లు ఎంతో రాసుకోండి. అడుగున మొదటి 5 లీటర్లను మాత్రం ఒక్కో లీటరుగా పోయండి. ముల్లు ఖాళీ గీత దాటి కదలడం మొదలయ్యేసరికి ఎన్ని లీటర్లు పట్టిందో అదే మీ రిజర్వు. 4, 5 లీటర్లుంటే బాగుంటుంది. తక్కువైతే ఫ్లోటు చేతిని కొంచెం పైకి వంచండి. అన్ని వైపులా ఒకేలా ఉండని ట్యాంకులో సగం గీత దగ్గర సగం పెట్రోలు ఉండదు, ఆ తేడా ఈ కాగితంలో కనిపిస్తుంది. ఆర్డుయినో ఉంటే ఇవే అంకెలు దాని పట్టికలోకి పోతాయి.

ఘాట్ రోడ్డు లెక్క వేరు. ట్యాంకు వెనక ఉన్న బండి అలిపిరి దాటి కొండెక్కుతుంటే పెట్రోలు వెనక గోడకు చేరుతుంది. యూనిట్ ముందువైపు ఉంటే ముల్లు దిగుతుంది, వెనకవైపు ఉంటే లేస్తుంది. దిగేటప్పుడు తలకిందులు. భాకరాపేట ఘాట్‌లోనూ, పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లోనూ అంతే. కొత్తగా బెజ్జం కోయించుకునే అవకాశం ఉంటే ముందువెనకల కొలతలో సరిగ్గా మధ్యలో కోయించండి, అక్కడ వాలు ప్రభావం అన్నిటికన్నా తక్కువ. కోయించే ముందు ట్యాంకును రేడియేటర్ షాపులో ఆవిరి పట్టించి కడిగించాలి, ఎండబెట్టినంత మాత్రాన లోపలి ఆవిరి పోదు.

అంతా బిగించాక ట్యాంకును మెడ దాకా నింపి, యూనిట్ ప్లేటు చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, బండిని కాస్త ఎండలో గంటసేపు ఉంచండి. పెట్రోలు వేడికి వ్యాకోచించి పైకి వస్తుంది, ప్యాకింగ్‌లో సందు ఉంటే కాగితం తడుస్తుంది. తడిస్తే స్క్రూలను ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున బిగించండి. ఒకే వైపు బిగిస్తే ప్లేటు వంగి, కారడం ఇంకా ఎక్కువవుతుంది.